కిటికీ గూట్లో నిరోధ్ పెట్టె

మా ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలో, పడమటి కిటికీ గూట్లో ఒక అట్టపెట్టె ఉండేది. దాని నిండా నిరోధ్ పొట్లాలు. ఎవరైనా అడక్కుండా తీసుకోవచ్చు. పెద్దవాళ్లు అటువైపు చూసేవాళ్లు కూడా కాదు. మా పిల్లమూకకు మాత్రం అవి డబ్బులివ్వక్కర్లేని బూరలు. పొడి దులిపి నోట పెట్టి ఊదితే సొరకాయంత అయ్యేవి. "ఒరేయ్, ముట్టుకోకండిరా" అని కాంపౌండరు గారు అదిలించేవారు. ఎందుకు ముట్టుకోకూడదో చెప్పేవారు కాదు. కొన్ని ఎంత ఊదినా పగిలేవి కావు. కొన్ని రెండు ఊపిర్లకే ఠప్పుమనేవి. రోజూ ఆ గూట్లో పడే సాయంత్రపు ఎండ రబ్బరును ఏం చేస్తుందో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టిన మొదటి దేశం మనదే. అది 1952 నాటి మాట. అయినా చాలాకాలం కండోమ్ అంటే పట్నం మందుల షాపులో దొరికే ఖరీదైన సరుకే. 1968లో నిరోధ్ వచ్చి ఆ లెక్క మార్చింది: మూడింటికి 15 పైసలు. మొదట అనుకున్న పేరు కామరాజ్, అంటే మన్మథుడు. అప్పటి కాంగ్రెస్‌లో ఒక పెద్ద నాయకుడి పేరూ అదే కావడంతో దాన్ని పక్కనపెట్టి, అడ్డుకోవడం అనే అర్థమున్న సంస్కృత పదాన్ని ఖాయం చేశారు. పల్లెలకు చేర్చే పని బ్రూక్ బాండ్, లిప్టన్, హిందుస్థాన్ లీవర్, యూనియన్ కార్బైడ్ లాంటి కంపెనీలు తీసుకున్నాయి. టీపొడి, సబ్బు, టార్చిలైటు బ్యాటరీలు వెళ్లే దారినే నిరోధ్ కూడా కిరాణా కొట్లకు చేరింది. ఆ ఆలోచన చేసినవాళ్లంటే నాకిప్పటికీ గౌరవమే. తొలి సరుకు విదేశాల నుంచి వచ్చింది. 1969లో తిరువనంతపురంలో హిందుస్థాన్ లేటెక్స్ ఫ్యాక్టరీ జపాన్ కంపెనీ ఒకామోటో సాయంతో తయారీ మొదలుపెట్టింది.

అయితే రేకుల కొట్టులో సబ్బు ఎన్నాళ్లున్నా సబ్బే. రబ్బరు అలా కాదు.

రబ్బరు ఎందుకంత సుకుమారమో తెలియాలంటే బెర్లిన్ వెళ్లాలి. మొదటి ప్రపంచయుద్ధం నాటికి జూలియస్ ఫ్రామ్ అనే యూదు వ్యాపారి గాజు అచ్చులను రబ్బరు ద్రవంలో ముంచి, అతుకు లేని పలుచని తొడుగులు చేశాడు. అంతకుముందువి మందంగా, అతుకుతో ఉండేవి. 1938లో నాజీలు ఆ వ్యాపారాన్ని కారుచౌకగా అమ్మించేశారు. లండన్‌కు వలసపోయిన ఫ్రామ్ 1945 మేలో, ఐరోపాలో యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే కన్నుమూశాడు. ఆయన పద్ధతి మాత్రం నిలిచింది. ఈనాటికీ గాజు అచ్చు రబ్బరు పాలలో మునిగి తేలుతుంది, ఆరుతుంది, మళ్లీ మునుగుతుంది. పాలలో కలిపిన గంధకం వేడికి రబ్బరు పోగులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే గుణం ఆ ముడుల వల్లే. రంధ్రం లేని ఆ పొరను వీర్యకణమే కాదు, దానికంటే ఎంతో చిన్నదైన హెచ్ఐవీ కూడా దాటలేదు.

ఫ్యాక్టరీలో ప్రతి తొడుగునూ లోహపు కడ్డీకి తొడిగి కరెంటు పెడతారు. రబ్బరు కరెంటును ఆపుతుంది. ఎక్కడైనా సూదిమొనంత చిల్లు ఉంటే కరెంటు దాటుతుంది, ఆ తొడుగును తీసేస్తారు. కొన్నింటిలో 300 మిల్లీలీటర్ల నీళ్లు పోసి కారుతుందేమో చూస్తారు. మరికొన్నింటిని పగిలేదాకా గాలితో ఊదుతారు. మామూలు సైజుది కనీసం 18 లీటర్ల గాలిని ఓర్చుకోవాలి. వరండాలో మేం చేసిందీ ఆ పరీక్షే!

అంత గట్టి వస్తువు ఓడేది ఫ్యాక్టరీ గడప దాటాకే. వేడికీ ఎండకీ పోగుల ముడులు చెడతాయి. నెలల తరబడి పర్సులో నలిగినదానిదీ అదే గతి. నూనె ఇంకా ఘోరం. 1989లో అచ్చయిన ఒక పరిశోధనలో మినరల్ ఆయిల్ తగిలిన ఒక్క నిమిషానికే లేటెక్స్ బలం సుమారు 90 శాతం పడిపోయింది. వేజలీన్, కొబ్బరినూనె కూడా రబ్బరుకు శత్రువులే. పాత నిరోధ్‌కు పొడి తప్ప జారుడు ద్రవం ఉండేది కాదు. ప్రతి ఇంట్లో కొబ్బరినూనె సీసా ఉండే దేశంలో ఆ లోటు చిన్నది కాదు. ఒకదానిపై ఒకటి రెండు తొడిగితే బలమని కొందరి నమ్మకం. రాపిడికి చిరగొచ్చని నిపుణులు అలా వద్దంటారు.

ఏడాదంతా ప్రతిసారీ సరిగ్గా వాడితే నూరు జంటల్లో ఇద్దరికే గర్భం వస్తుంది. మామూలుగా జనం వాడే తీరులో అది 13. ఆ తేడాలో ఆలస్యంగా తొడగడం, తిరగేసి తొడగడం, "ఈ ఒక్కసారికే" అని మానేయడం, అన్నీ ఉన్నాయి. వాటి వెనకున్నది సిగ్గేనని నా నమ్మకం. నోరు తెరిచి అడగలేనిదాన్ని సరిగ్గా వాడటం ఎలా తెలుస్తుంది? మన దగ్గర గర్భం రాకుండా చూసుకునే భారమంతా ఆడవాళ్ల కడుపు మీదే పడింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. కండోమ్‌పై ఆధారపడేవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు.

మొన్న ఊరెళ్లినప్పుడు ఆస్పత్రి దాకా వెళ్లాను. భవనం కొత్తది. పెట్టె మాత్రం మళ్లీ వరండాలోనే, పడమటి ఎండలోనే ఉంది. ఒక పొట్లం తీసి తేదీ చూశాను, ఇంకా గడువుంది. బొటనవేలితో నొక్కితే లోపల గాలి మెత్తగా కదిలింది. అంటే కవరుకు చిల్లు లేదు. పట్టుకుంటే మాత్రం వెచ్చగా ఉంది.

"అమ్మా, దీన్ని లోపల బీరువాలో పెట్టకూడదా? ఎండకు పాడైపోతాయి కదా" అన్నాను నర్సమ్మతో.

ఆమె చేతిలో పని ఆపి నావైపు చూసింది.

"లోపల పెడితే ఎవరూ తీసుకోరండి" అంది.