విదేశీ లాటరీ మోసం

కొనని టికెట్టుకు కోట్లు తగిలాయని నమ్మించి, ఆ సొమ్ము చేతికి రావాలంటే ముందు కొంత కట్టాలని డబ్బు గుంజే నేరం ఇది. బ్రిటన్ నేషనల్ లాటరీ, మైక్రోసాఫ్ట్, కోకాకోలా పేర్లతో ఈమెయిళ్లుగా, ఎస్సెమ్మెస్‌లుగా తిరిగి, తర్వాత వాట్సాప్‌లోకి చేరింది. టీవీ కార్యక్రమం ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ పేరుతో 25 లక్షలు గెలిచారంటూ +92 (పాకిస్థాన్ కోడ్) నంబర్ల నుంచి వచ్చిన ఆడియో సందేశాలూ ఈ కోవలోవే.

వాడుకునే పేర్లు చాలావరకు నిజమైనవే. ‘ఎల్ గోర్దో’ 1812 నుంచి నడుస్తున్న స్పెయిన్ క్రిస్మస్ లాటరీలో పెద్ద బహుమతి. అబూధాబి ‘బిగ్ టికెట్’ 1992లో మొదలైంది. గల్ఫ్‌కు వలసవెళ్లిన నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాలవారికి అది బాగా తెలిసిన పేరు. తెలుగువారికి అందులో కోట్లు తగిలిన వార్తలూ వచ్చాయి. అలాంటి ఊళ్లో ఆ పేరుతో ఫోనొస్తే నమ్మినవారిని అమాయకులనడం సబబు కాదు. అయితే టికెట్టు కొనకుండా ఏ డ్రాలోనూ పేరుండదు. ‘మీ నంబరును కంప్యూటరే ఎంపిక చేసింది’ అన్నారంటే అది మోసమే.

మొదట అడిగేది చిన్న మొత్తం, ప్రాసెసింగ్ ఫీజు. అది కట్టగానే కస్టమ్స్, కరెన్సీ మార్పిడి, ఉగ్రవాద నిరోధక ధ్రువపత్రం అంటూ ఒక్కోటీ బయటికొస్తుంది. ఇంత కట్టాక వదులుకోవడమెలా అన్న బాధే తర్వాతి వాయిదా కట్టిస్తుంది. ఇంట్లో చెబితే బహుమతి రద్దవుతుందని బెదిరిస్తారు. లాటరీ లండన్‌ది, డబ్బు వేయాల్సింది మాత్రం మన దేశంలోనే ఎవరిదో పొదుపు ఖాతాలో! రిజర్వు బ్యాంకు ముద్రతో లేఖ పంపినా నమ్మనక్కర్లేదు. ఆ బ్యాంకు వ్యక్తుల పేరిట ఖాతాలు తెరవదు. పన్ను సాకూ అంతే. మన దేశంలో లాటరీ నగదుపై 30 శాతం పన్నును గెలిచిన సొమ్ములోంచే కోస్తారు.

అసలు లాటరీ అయినా, టికెట్ల కోసం భారత్ నుంచి విదేశాలకు డబ్బు పంపడాన్ని విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) కింద 2000లో వచ్చిన నిబంధనలు నిషేధించాయి.

డబ్బు పోయిందని తెలియగానే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యం కాకపోతే సొమ్ము చేరిన ఖాతాను స్తంభింపజేసే వీలుంటుంది. లావాదేవీ నంబరు, సందేశాలు చెరిపేయకూడదు. కొన్నాళ్లకు ‘పోయిన డబ్బు రాబట్టిస్తాం’ అంటూ లాయరు వేషంలోనో, పోలీసు వేషంలోనో మరొకరు ఫోన్ చేస్తారు. వాళ్లూ ముందుగా ఫీజే అడుగుతారు.