క్లచ్ ప్లేటును తినేదెవరు? ఆవిరి ఇంజన్ నుంచి టర్బో కారు దాకా



మన పిల్లోళ్ళలో ఒక వాదన నడుస్తా ఉంది. టర్బో పెట్రోలు మాన్యువల్ కారును నిలబడిన చోటి నుంచి గబుక్కున లాగాలంటే ఇంజన్‌ను 4000 దాకా రేస్ చేసి క్లచ్ వదలాలంట. అట్లా చేస్తే క్లచ్ మాడిపోతుందని ఇంకొందరు. క్లచ్ సెట్టు మార్చాలంటే గేర్‌బాక్సు కిందికి దించాల, బిల్లు వేలల్లో వస్తుంది, కట్టేది ఎక్కువగా ఇంట్లో పెద్దోళ్ళే. అందుకే ఈ సంగతి మొదటి నుంచి రాస్తున్నాను. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

ఆవిరి ఇంజన్‌కు క్లచ్ లేదు. అవసరమే లేదు. చక్రం ఒక్క అంగుళం కదలకముందే ఆవిరి పిస్టన్‌ను పూర్తి బలంతో తోస్తుంది. పెట్రోలు ఇంజన్ అట్లా కాదు. అది తిరుగుతా ఉంటేనే బతికుంటుంది. నిమిషానికి 700, 800 చుట్ల కంటే కిందికి పోతే ఆగిపోతుంది. తిరుగుతున్న ఇంజన్‌ను నిలబడిన చక్రానికి కలపాల. ఆ రెండూ ఒకే వేగానికి వచ్చేదాకా మధ్యలో ఏదో ఒకటి జారాల. ఆ జారేదే క్లచ్.

మొదటి కార్లలో కోన్ ఆకారంలో ఉండే క్లచ్‌కు తోలు తొడిగేవాళ్ళు. తోలు ఎండితే పట్టు ఒక్కసారిగా తగిలి బండి ఎగిరి దూకేది. అప్పుడు నూనె పట్టించాల. నూనె ఎక్కువైతే జారిపోయేది, అప్పుడు మెత్తటి మట్టిపొడి చల్లాల. డ్రైవర్ అంటే సగం చెప్పులు కుట్టే పని తెలిసినవాడై ఉండాల! ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన 1897లో గుర్రబ్బండ్ల బ్రేకుల కోసం గట్టి లైనింగులు చెయ్యడం మొదలుపెట్టాడు. ఫెరోడో అనే పేరు ఆయన ఇంటిపేరు అక్షరాలను అటూఇటూ మార్చి పెట్టిందే. తరువాత ఆ రకం లైనింగే కార్ల క్లచ్‌లోకీ వచ్చింది, తోలు పోయింది.

ఇక టర్బో. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూహి 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. బయటికి పోయే పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దాంతో ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టడం. ఇది మన రైల్వేవాళ్ళకు కొత్త కాదు. 1964 నుంచి వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్లు 2600 హార్స్‌పవర్ టర్బో ఇంజన్లే. డ్రైవర్ నాచ్ పెంచగానే నల్లటి పొగ గుప్పున లేచేది గుర్తుందా? డీజిల్ ముందే పడుతుంది, టర్బో వేగం అందుకుని గాలి పంపడానికి కొంచెం టైము పడుతుంది. ఆ మధ్య సందే టర్బో ల్యాగ్.

మరి అంత బరువు రైలును లాగే ఆ ఇంజన్‌లో క్లచ్ ఎట్లా తట్టుకుంది? అసలు క్లచ్ పెట్టనే లేదు. డీజిల్ ఇంజన్ జనరేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటుతో చక్రాల దగ్గరి మోటార్లు తిరుగుతాయి. మోటారు నిలబడిన చోటి నుంచే బలంగా లాగుతుంది, ఆవిరి మాదిరే.

కారులో టర్బోను ముందుగా 1962లో అమెరికావాళ్ళు పెట్టారు, ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కార్వేర్. తరువాత 1975లో పోర్షె 911 టర్బో వచ్చింది. దాని టర్బో పెద్దది, నిద్రలేచేది ఆలస్యంగా. కింది చుట్లలో బలం లేదు, పైన ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఎక్కువ చుట్ల మీద ఉంచి క్లచ్ వదలాలనే అలవాటుకు అట్లాంటి బండ్ల మీద ఒక అర్థం ఉండింది.

ఇప్పుడు మన పక్కకు వద్దాం. పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ నుంచి 2019 ఆగస్టులో సెల్టోస్ బయటికి వచ్చింది. దాని 1.4 టర్బో పెట్రోలు ఇంజన్ 242 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 1500 నుంచి 3200 చుట్ల లోపలే ఇచ్చేది. టర్బో చిన్నది, తొందరగా లేస్తుంది. పోర్షె కాలం అలవాటును ఈ బండికి పెట్టడం దండగ.

ఎందుకో లెక్క చూడండి. సమతలం మీద ఇంజన్‌ను ఒకే వేగంలో పట్టి ఉంచి క్లచ్ వదిలితే, పూర్తిగా పట్టుకునేలోపు బండికి ఎంత శక్తి చేరుతుందో అంతే శక్తి క్లచ్‌లో వేడిగా పోతుంది. 1300 కిలోల కారు మొదటి గేర్‌లో 2000 చుట్లకు సుమారు 15 కిలోమీటర్ల వేగంలో ఉంటుందనుకుందాం. అప్పుడు క్లచ్‌లో వేడి 11 కిలోజౌల్స్. 4000 చుట్లు పట్టి వదిలితే రెండింతలు కాదు, నాలుగింతలు, సుమారు 45. వరుసగా పదిసార్లు అట్లా లాగితే ఒక లీటరు నీళ్ళు మరిగించేంత వేడి ఆ పలచని ప్లేటు మీద పడుతుంది. రెండో గేర్‌లో కదిలిస్తే మామూలు గేర్‌బాక్సులో వేడి మూడింతలు అవుతుంది. ఎత్తు మీద హాఫ్ క్లచ్‌లో నిలబెడితే లెక్కే లేదు, నిలబెట్టినంతసేపూ అరుగుతానే ఉంటుంది.

పోనీ, రేస్ చేసినందుకు టర్బో నిండుతుందా అంటే అదీ సరిగ్గా లేదు. లోడు లేకుండా తిరిగే ఇంజన్‌కు గాలి కొంచెమే చాలు, పొగా కొంచెమే వస్తుంది, టర్బో చక్రం గట్టిగా తిరగదు. టర్బో నిండాలంటే ఇంజన్ మీద బరువు పడాల. అంటే క్లచ్ పట్టుకున్న తరువాతే.

కాబట్టి తమ్ముళ్ళూ, పికప్ కావాలంటే ఇట్లా చెయ్యండి. మొదటి గేర్, 1500-2000 చుట్లు. పట్టు దొరికే చోటు దాకా పెడల్‌ను తొందరగా వదలండి, అక్కడ ఒక క్షణం మెత్తగా, బండి కదలగానే పూర్తిగా వదిలేసి కాలు పక్కన పెట్టండి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాల్సింది అప్పుడు. పెడల్‌ను టక్కున వదిలేస్తే ప్లేటు తక్కువ అరగొచ్చు గానీ, ఆ దెబ్బ డ్రైవ్‌షాఫ్ట్‌కు, ఇంజన్ మౌంటింగులకు తగులుతుంది. టైర్లకు సంగతి చెప్పనక్కర్లేదు.

2020లో వచ్చిన సోనెట్ టర్బోలో కియావాళ్ళు ఐఎంటీ పెట్టారు. గేర్ రాడ్ ఉంటుంది, క్లచ్ పెడల్ ఉండదు. లోపల మాత్రం అదే రాపిడి ప్లేటు, దాన్ని కంప్యూటర్ నడిపిస్తుంది. రైల్వే క్లచ్‌నే తీసేసింది, వీళ్ళు దాని మీద నుంచి మన కాలును తీసేశారు. నన్నడిగితే, నేర్చుకునే ఓపిక లేనోళ్ళకు అదే మేలు.

ఇప్పటికే లాగి లాగి ఉన్న బండి అయితే ఒక పరీక్ష చెయ్యండి. ఖాళీ రోడ్డులో నాలుగో గేర్‌లో 1800 చుట్ల దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. చుట్ల ముల్లు పైకి లేచి స్పీడు మాత్రం లేవకపోతే లైనింగ్ అయిపోవచ్చింది. అది చూసుకున్నాకే మెకానిక్ దగ్గరికి పోండి, క్లచ్‌తో పాటు ఫ్లైవీల్ ముఖం కూడా చూడమని అడగండి.