తెలుగు క్రైస్తవంలో దేశీయ కళలు, వైద్యం

తెలుగు ప్రాంతాల్లో క్రైస్తవం వేళ్లూనుకున్న సుమారు మూడు శతాబ్దాల్లో స్థానిక సంగీతం, పద్యం, శిల్పం, జానపద కళలు, మూలికా వైద్యం ఆ మతంతో ఎక్కడ కలిశాయో, ఎక్కడ దూరంగా ఉండిపోయాయో ఈ వ్యాసం తెలుపుతుంది. పండితుల కళలు ప్రార్థనా మందిరంలోకి త్వరగానే వచ్చాయి. విశ్వాసుల్లో అత్యధికులైన మాల, మాదిగల కళలు మాత్రం చాలాకాలం గుమ్మం బయటే ఆగాయి.

తొలి దశ

18వ శతాబ్దపు తొలి ఏళ్లలో జెసూట్ ఫాదరీలు కర్ణాటక మిషన్ పేరిట రాయలసీమలో అడుగుపెట్టారు. ఆ శతాబ్దం మధ్యకాలానికి మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ‘వేదాంత రసాయనము’ అనే పద్యకావ్యంగా రచించాడు. ప్రొటెస్టెంటు మిషనరీ బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉండి బైబిలును తెలుగు చేశాడు గానీ అది అచ్చు కాలేదు. జర్మనీలోని హాలె పట్టణంలో మాత్రం ఆయన చిన్న తెలుగు పుస్తకాలు కొన్ని ముద్రితమయ్యాయి. లండన్ మిషన్ వారు 1805లో విశాఖపట్నం చేరారు.

కీర్తనలు

దేశీయ కళ చర్చిలో స్థిరపడిన మొదటి రంగం సంగీతం. ఇందులో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతంలో స్థిరపడిన బెంగాలీ బ్రాహ్మణ కుటుంబీకుడైన ఈయన 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, జీవితమంతా ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా ప్రాంతాల్లో బోధకుడిగా తిరిగాడు. పాశ్చాత్య బాణీలకు తెలుగు మాటలు అతికించకుండా, పల్లవి, అనుపల్లవి, చరణాలతో తెలుగువారికి అలవాటైన కీర్తన కట్టుబాటులోనే రాశాడు. ఈ ఒక్క నిర్ణయం తెలుగు క్రైస్తవ ఆరాధన రూపురేఖలను మార్చింది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంకలనంలో నేటికీ పాట నెత్తిన రాగం, తాళం పేర్లు అచ్చవుతాయి. శంకరాభరణం, మోహన, బిలహరి వంటి పేర్లను సంగీతం నేర్వని విశ్వాసి కూడా ఆదివారం పుస్తకం తెరిచి చూస్తాడు. ఊళ్లలో హార్మోనియం, కంజీర, తాళాలతో వాటిని భజన పద్ధతిలో పాడతారు. హరికథ, బుర్రకథలను కూడా బోధకులు సువార్త చెప్పడానికి వాడుకున్నారు.

పద్యంలో ఈ వారసత్వాన్ని శిఖరానికి చేర్చినవాడు వినుకొండ కవి గుర్రం జాషువా (1895–1971). ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

డప్పు

ఒంగోలు కేంద్రంగా అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన జాన్ క్లౌ కాలంలో మాదిగలు గుంపులుగా మతంలో చేరారు. వారికి తోవ చూపినవాడు తాళ్లకొండపాడు తోలు వర్తకుడు ఎర్రగుంట్ల పేరయ్య. క్రైస్తవుడు కాకముందు అతడు గురువు దగ్గర రాజయోగం అభ్యసించినవాడు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అనే పుస్తకంలో మాదిగల గురుపరంపరల గురించి, గ్రామదేవతల కొలుపుల గురించి వివరంగా రాసింది. మిషనరీ రచనల్లో ఇంత సానుభూతి అరుదు. కరవు కాలంలో బకింగ్‌హామ్ కాలువ పనిలో ఒక భాగాన్ని క్లౌ గుత్తకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. ఆ తరువాత 1878 జూలై 3న ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు.

చేరేవారికి పెట్టిన షరతులు మూడు: ఆదివారం పనిచేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. మూడో షరతు డప్పు మీద పడింది. చెక్క కట్టుకు మేకతోలు బిగించి, మంటకు కాచి పదును తెచ్చుకుని, ఒక చేత సిర్ర, మరో చేత సిటికెన పుల్ల పట్టి వాయించే ఈ వాద్యం జాతరలో అమ్మవారి ముందు మోగడం మాదిగల ఊరి బాధ్యత. క్రైస్తవులైనవారు డప్పు కొట్టబోమనడంతో ఊరి పెద్దలు బావి నీళ్లు ఆపారు, పనులు మాన్పించారు. వాళ్లు దాన్నీ ఓర్చుకున్నారు. అయితే విగ్రహారాధనతో పాటు వాద్యం కూడా పోయింది. పర్లాకిమిడి పండితుడి రాగానికి దొరికిన చోటు ఒంగోలు మాదిగ డప్పుకు దొరకలేదు.

వైద్యం

దేశీయ ఔషధాలతో మిషన్ వైద్యుల పరిచయం పాతది. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ క్యోనిగ్ 1768లో తరంగంబాడి మిషన్ వైద్యుడిగా వచ్చి, దక్షిణాది మొక్కల సేకరణలో మునిగిపోయి, చివరకు 1785లో కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలో మరణించాడు. ఆయన స్నేహితుడు, సామర్లకోటలో ఉన్న కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ ఆ పనిని కొనసాగించి, 1795 నుంచి వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో మొక్కల తెలుగు పేర్లు కూడా నమోదు చేశాడు. పసరు మందు ఇచ్చేవారికి తెలిసిన పేర్లు ఆ విధంగా యూరపు శాస్త్రంలో చేరాయి. ఆ పేర్లు చెప్పినవారి పేర్లు మాత్రం చేరలేదు.

19వ శతాబ్దంలో మిషన్ ఆసుపత్రుల ధోరణి వేరు. లూథరన్ మిషన్ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి 1898లో స్త్రీల ఆసుపత్రి తెరిచింది. పురుష వైద్యుడి ముందుకు రాని ఇంటి ఆడవాళ్లకు అది పెద్ద అండ అయింది. 1930లో చనిపోయేవరకూ ఆమె ఆ ఊరిని వదల్లేదు. ఇటువంటి చోట్ల మంత్రసాని అనుభవానికి విలువ ఇవ్వడం కంటే ఆమె స్థానంలో తర్ఫీదు పొందిన నర్సును నిలపడమే లక్ష్యంగా ఉండేది.

దీనికి గొప్ప మినహాయింపు డిచ్‌పల్లి. స్కాట్లండుకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో నిజామాబాదు దగ్గర విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి స్థాపించారు. ఇద్దరూ వెస్లియన్ మెథడిస్టు మిషన్‌కు చెందినవారు. హిందూ దాత రాజా నర్సాగౌడ్ ధనసహాయం చేశాడు. అక్కడి ప్రధాన మందు చాల్‌మోగ్రా జాతి గింజల నూనె. పడమటి కనుమల్లో పెరిగే ఈ జాతి చెట్టు గింజను సుశ్రుత సంహిత ‘తువరకం’ పేరుతో కుష్ఠుకు వాడమంది. నూనె తాగితే భరించలేని వాంతులు అయ్యేవి, అందుకే రోగులు మధ్యలోనే మానేసేవారు. 20వ శతాబ్దపు ప్రయోగశాలలు దాన్ని సూదిమందుగా మార్చాయి. డిచ్‌పల్లిలో రోగులు నెలల తరబడి ఈ సూదులు వేయించుకుంటూ, ఆవరణలోనే వ్యవసాయం, చేతిపనులు చేస్తూ జీవించేవారు. తొలి దశలో పట్టుబడిన వ్యాధి తగ్గుముఖం పట్టడంతో, ఊళ్లు తరిమేసినవారు వెతుక్కుంటూ రావడం మొదలైంది. ఆయుర్వేదంలోని ఓషధి, ప్రయోగశాల శుద్ధి, మిషన్ సేవ ఒకే చోట కలిసిన ఉదాహరణ తెలుగునాట ఇంత స్పష్టంగా మరొకటి కనబడదు. ఇసబెల్ కెర్ 1932లో మరణించింది. 1940లలో సల్ఫోన్ మందులు రావడంతో నూనె వాడకం ఆగిపోయింది.

దోర్నకల్

తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు వి.ఎస్. అజరయ్య (1874–1945) 1912 డిసెంబరు 29న కలకత్తాలో దోర్నకల్ పీఠానికి అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన సంకల్పంతో కట్టిన దోర్నకల్ ఎపిఫనీ కేథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది. ఆలయ మండపాన్ని తలపించే రాతి స్తంభాలు, మసీదును గుర్తుచేసే గుమ్మటాలు, మినార్లు ఒక్క కట్టడంలో పొందికగా ఇమిడాయి. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన మెదక్ కేథడ్రల్ గోథిక్ శైలిలో ఉంది. ఎత్తులో అదే మిన్న, ఊహలో దోర్నకల్ మిన్న.

స్వస్థత

లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు 1938లో బైబిలు మిషన్ ప్రారంభించాడు. ఆ పేరు ఆకాశంలో బంగారు అక్షరాలతో కనిపించిందని ఆ సంఘీయుల నమ్మకం. విదేశీ ధనంతో పనిలేకుండా పెరిగిన ఈ సంఘంలో ప్రార్థనతో రోగం మాన్పడం ముఖ్యాంశం. గుంటూరు దగ్గరి కాకానిలో వారి స్వస్థిశాల ఉంది. తాయెత్తు, భూతవైద్యం వదులుకున్న పల్లెవాసులకు జ్వరం వస్తే, దయ్యం పట్టిందంటే ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు మిషన్ ఆసుపత్రులు సగమే జవాబిచ్చాయి. మిగతా సగం దేవదాసు వంటివారు ఇచ్చారు. విజయవాడ గుణదల కొండపై 1924లో నెలకొల్పిన లూర్దు మాత విగ్రహం దగ్గరికి ఫిబ్రవరి ఉత్సవాలకు అన్ని మతాలవారూ వస్తారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు.

ఇటీవలి కాలం

బైబిలు మిషన్‌పై 1986లో వెలువడిన పరిశోధన గ్రంథ రచయిత పులిదిండి సాల్మన్ రాజు (1921–2019) లూథరన్ పాస్టరు, చిత్రకారుడు కూడా. బాటిక్ గుడ్డలపైనా చెక్క అచ్చులతోనూ ఆయన చిత్రించిన బైబిలు ఘట్టాలు విదేశాల్లోనూ మన్నన పొందాయి. విజయవాడలో ఆయన స్థాపించిన లలితకళా ఆశ్రమానికి సెయింట్ లూకా పేరు పెట్టారు. లూకా వైద్యుడు కూడా కావడం ఇక్కడ గమనించదగ్గది.

డప్పు సంగతి వేరే దారిన తేలింది. 1985లో కారంచేడులో దళితులపై జరిగిన హత్యాకాండ తరువాత దళిత ఉద్యమం దాన్ని చేతికెత్తుకుంది. 1994లో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టిన ఈదుమూడి, క్లౌ పనిచేసిన ఒంగోలు ప్రాంతంలోనిదే. ఆ ఉద్యమానికి జనం పెట్టిన పేరు దండోరా. ఇప్పుడు చాలా ఊళ్లలో క్రిస్మస్ ఊరేగింపులకూ డప్పు మోగుతోంది. ఆ గౌరవాన్ని తిరిగి సంపాదించిపెట్టింది ఉద్యమం. చర్చి ఆ తరువాతే ఆమోదించింది.