యుద్ధకాలపు పనివిద్య

మార్కాపురపు పలకపై ఓనమాలు దిద్దిన తెలుగు బాలుర చేతికి యంత్రవిద్యయు నేర్పవలసిన కాలమొకటి వచ్చెను. నాడు మార్కాపురము, గిద్దలూరు చెన్నరాజధానిలో కర్నూలు జిల్లాకు చేరినవి. రెండవ ప్రపంచయుద్ధమున ఒకే ఫిట్టరును సైన్యమును గోరెను, కర్మాగారమును గోరెను. ఈ పెనుగులాటను మాన్పుటకై 1940లో ప్రభుత్వము నిపుణులైన పనివారల నియామకమును అదుపుచేయు శాసనము గావించి, ఉభయులకును పనివారిని సమకూర్చుటకు సాంకేతిక శిక్షణ పథకము నారంభించెను. 1941 నుండి బెవిన్ పథకము క్రింద కొందరు యువకులు ఇంగ్లండున కేగి పని నేర్చిరి. యుద్ధానంతరము అట్టి శిక్షణయే విడుదలైన సైనికులకు బ్రతుకుదెరువు చూపెను. 1950లో నేటి ఐ.టి.ఐ.లకు మూలమైన పథకము వెలసెను. యుద్ధమునకై నేర్పిన విద్య శాంతికాలమున అన్నము పెట్టెను. మన యూళ్ల పిల్లలకు అట్టి విద్యను ఆపద రాకమునుపే నేర్పుట మేలు కాదా?