కారుట
నిజామాబాదు మెకానిక్కులు ‘బండి నీళ్లు కారుతున్నది’ యన్నప్పుడెల్లను ఆ క్రియయొక్క వ్యాప్తి నన్ను ముగ్ధుని జేయును. వాహనమునకు మనము వాడు ‘కారు’ కెల్టు జాతుల రథవాచకమునుండి లాటినున ‘కర్రుస్’ అయి, ఆంగ్లము ద్వారా మనకు సంక్రమించినది. స్రవించుటను దెలుపు ‘కారు’ మాత్రము అచ్చతెనుగు. కన్నీరు, చెమట, వానకు పాతయింటి కప్పు, 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసిన బోధను ప్రాంతమున గానుగలోని చెఱకురసము, అన్నియు నీ క్రియకే లోబడును. ‘లీకు’ ఎంత ప్రబలినను దీనిని విడువరాదని నా దృఢాభిప్రాయము.

ఇక మెకానిక్కులు చెప్పు ఆ బండి నీళ్ల మాటకు వత్తము: చల్లారిన యింజనునకు రేడియేటరు మూత దీసి, ఆ స్థానమున పీడనసూచికగల చేతిపంపు బిగించి, మూతపై ముద్రితమైన పీడనము వఱకు, సాధారణముగా 1 బారు వఱకు, గాలి నెక్కించి, ముల్లు దిగునేమో నిరీక్షించుటయే కారుటకు పరీక్ష. వాతావరణ పీడనముపై మఱి 1 బారు నిలిచినచో నీరు దాదాపు 120 డిగ్రీల వఱకు మరుగదు. నిలువనిచో ముందే మరిగి యింజను చెడును. వెలుపల చుక్కయైనను గానరాక ముల్లు దిగెనేని, హెడ్ గ్యాస్కెట్టు లోలోపల కారుచున్నదేమో యని శంకింపవలెను; ఇంజను ఆయిలు పాలవలె తెల్లబడుట యా శంకకు బలము.