ఓరుగల్లులో నిర్మాణసామగ్రి టోకు వ్యాపారం: ధర, దూరం, గడువు

వ్యాససంగ్రహం

గృహనిర్మాణ సామగ్రి సరఫరాను సాధారణంగా వర్తకశాస్త్ర విషయంగానే చూస్తారు. ఓరుగల్లు ప్రాంతంలో రాయి, సున్నం, పెంకు, సిమెంటు, ఇనుము అంగడి సరుకులుగా మారిన క్రమాన్ని ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. టోకు వర్తకుని చేతిలో ధర ఏ దశలోనూ పూర్తిగా నిలవలేదనీ, అతని అసలు వ్యాపారం దూరాన్నీ గడువునూ భరించడమేననీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఓరుగల్లు, టోకు వ్యాపారం, రైల్వే, సిమెంటు నియంత్రణ, స్టాకిస్టు, ఉద్దెర.

1. పేరులో రాయి

ఓరుగల్లును ‘ఒంటి రాయి’గా అన్వయించి ఏకశిలానగరమని సంస్కృతీకరించారు. పేరులోనే రాయి ఉన్న ఈ నగరంలో ఆ రాయి అంగడి సరుకు ఎప్పుడయిందన్న ప్రశ్న మాత్రం చరిత్రకారులను పెద్దగా ఆకర్షించలేదు. వేయిస్తంభాల గుడిని (1163), పాలంపేట రామప్ప గుడిని (1213) ఎవరు కట్టించారో శాసనాలు చెప్తున్నాయి. వాటి శిల్పరీతి మీద విస్తారమైన పరిశోధన ఉంది. ఆ కట్టడాలకు సామగ్రి చేరిన తీరు వేరే అధ్యయనాన్ని కోరుతుంది.

గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం (1244-45) సముద్రవర్తకులు ముప్పైకి ఒకటి చొప్పున చెల్లించవలసిన కూపశుల్కాన్ని నిర్ణయించింది. అందులోని సరుకులు చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు, రాగి, సీసం వంటివి. ఓరుగల్లు అంగళ్ల సుంకాల్లోనూ ధాన్యాలు, నూనెలు, ఉప్పు, లోహాలు, సుగంధద్రవ్యాలే ప్రధానం. ‘పెరిక’ అంటే గోనె, ఎద్దు మీద వేసే బరువు. పెరికెడ్ల మీద సాగే వర్తకంలో బరువుకు తగిన విలువ ఉన్న సరుకే దూరం పోగలదు. గోనెడు మిరియాలు రేవు నుంచి రాజధానికి వచ్చినా లాభమే మిగులుతుంది. గోనెడు ఇటుకలు పది క్రోసులు నడిస్తే కూలి ఖర్చు కూడా రాదు.

అందువల్ల కట్టడపు సామగ్రి దొరికిన చోటికే పనివారు కదిలివచ్చారు. రామప్ప గుడి విమానానికి వాడిన తేలిక ఇటుక అంగడిలో కొన్నది కాదు, ఆ కట్టడం అవసరం కోసం ప్రత్యేకంగా కాల్చినది. సామాన్యుల ఇళ్లకూ ఇదే పద్ధతి: గోడకు ఊరి మట్టి, పైకప్పుకు కుమ్మరి గూన, దూలాలకూ వాసాలకూ అడవి కలప, రాయి పనికి వడ్డెరలు, తలుపులకు వడ్రంగి. గృహస్థు సరుకు కొనలేదు, పనిని కుదుర్చుకున్నాడు. కాకతీయుల కాలపు ‘మడిగ’ అనే మాట నేటికీ తెలంగాణలో ‘మడిగె’గా, దుకాణపు గది అన్న అర్థంలో బతికే ఉంది. అయితే మడిగలోకి రాయి, సున్నం రావడానికి రైలు కూత దాకా ఆగవలసి వచ్చింది.

2. రైలు తెచ్చిన బండ

నిజాం రాజ్యంలో వాడి-సికింద్రాబాదు మార్గం 1874లో తెరుచుకుంది. 1886లో అది వరంగల్ దాకా, 1889లో బెజవాడ దాకా సాగింది. వాడి దగ్గరి షాబాదులోనూ, అదే మార్గంలోని తాండూరులోనూ పలకలుగా చీలే సున్నపురాయి ఉంది. ఉలితో లేపితే బల్లపరుపుగా వచ్చే ఈ బండ ఎద్దుబండి మీద జిల్లా దాటే సరుకు కాదు, వ్యాగనుకెక్కితే రాజ్యం చివరిదాకా పోగలదు. తెలంగాణ ఇళ్లలో పేడతో అలికిన నేలల చోట ‘షాబాద్ బండలు’ పరుచుకోవడం వెనక గని ఎంత ఉందో పట్టాలూ అంతే ఉన్నాయి.

పేర్లలోనే ఈ మార్పు కనిపిస్తుంది. కుమ్మరి గూనకు ఊరి పేరు లేదు, చేసినవాడు ఎదుటే ఉంటాడు కనుక అవసరం లేకపోయింది. దూరం నుంచి వచ్చిన సరుకుకు మాత్రం ఊరి పేరే గుర్తు: షాబాదు, తాండూరు, కడప, బేతంచర్ల. ఆ గుర్తు ఒక్కోసారి తప్పుతుంది కూడా. బాసెల్ మిషన్ 1865లో మంగళూరులో మొదలుపెట్టిన యంత్రపు పెంకు రకం తెలంగాణలో ‘బెంగుళూరు పెంకు’ అయి కూర్చుంది.

టోకు వర్తకానికి ఇక్కడ మొదటి రూపం ఏర్పడింది. వ్యాగను చిల్లరగా రాదు. దాని నిండా సరుకుకు ముందే డబ్బు కట్టగలవాడు, స్టేషనులో గడువు దాటి డెమరేజి పడకముందే దింపించగలవాడు, అమ్ముడుపోయేదాకా గోదాములో ఉంచగలవాడు కావాలి. చుట్టుపక్కల దుకాణదారులకు ఈ మూడు శక్తులూ ఉండవు. ఇవి ఉన్నవాడు సేటు అయ్యాడు. 1929 నాటికి కాజీపేట-బల్లార్షా మార్గం పూర్తయి మద్రాసు-ఢిల్లీ దారి ఓరుగల్లు ముంగిటి నుంచి సాగింది. 1934లో ఆజంజాహి మిల్లు వచ్చింది. మిల్లుతో పాటు కార్మికుల ఇళ్లు, బడులు, గిడ్డంగులు కట్టవలసి రావడంతో నిర్మాణసామగ్రికి నిలకడైన గిరాకీ ఏర్పడింది.

3. ధర లేని వర్తకం: సిమెంటు నియంత్రణ

డంగు సున్నానికి గానుగ, ఎద్దు, కాలం కావాలి. సిమెంటుకు నీళ్లు చాలు. కానీ ఈ సౌకర్యాన్ని జనం వెంటనే నమ్మలేదు. దేశీయ సిమెంటు కంపెనీలు 1920లలో ఒకదానినొకటి ధరలతో నరుక్కొని, తరువాత అమ్మకం అనేది వేరే పని అని గ్రహించాయి. సిమెంటు వాడకాన్ని ప్రచారం చేయడానికి 1927లో కాంక్రీట్ అసోసియేషన్, ఉమ్మడిగా అమ్మడానికి 1930లో సిమెంట్ మార్కెటింగ్ కంపెనీ ఏర్పడ్డాయి. 1936లో పది కంపెనీలు కలిసి ఏసీసీ అయ్యాయి. నిజాం రాజ్యంలోని షాబాదు కర్మాగారం అందులో ఒకటి. అంటే బండ పంపిన ఊరే సిమెంటు కూడా పంపింది.

రెండో ప్రపంచయుద్ధకాలంలో, 1942లో, సిమెంటు ప్రభుత్వ నియంత్రణలోకి వెళ్లింది. ఒక విరామం తప్ప, ఏదో ఒక రూపంలో అది 1989 దాకా కొనసాగింది. 1956 నుంచి 1965 దాకా పంపిణీ స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ చేతిలో ఉంది. 1966, 67లలో పరిశ్రమే స్వయంగా కేటాయింపులు చూసుకుంది. 1967 నాటి సిమెంటు నియంత్రణ ఉత్తర్వుతో 1968 నుంచి మళ్లీ ప్రభుత్వమే పగ్గాలు పట్టింది.

ఈ వ్యవస్థలో గమనించదగినది రవాణా ఖర్చుల సమీకరణ. కర్మాగారానికి చెల్లించే ధర వేరు, దేశమంతటా రైల్వే గమ్యస్థానంలో కొనుగోలుదారు చెల్లించే ధర ఒకటే. మధ్యలో రవాణా ఖర్చును ఉమ్మడి నిధి సర్దుతుంది. 1958లో మంచిర్యాలలో ఏసీసీ కర్మాగారం, 1969లో బసంత్‌నగర్‌లో కేశోరాం కర్మాగారం వచ్చాయి. రెండూ కాజీపేటకు ఉత్తరాన, అదే రైలుమార్గం పరిసరాల్లో ఉన్నాయి. కాకతీయుల కాలం నుంచీ ఓరుగల్లు నిర్మాణాన్ని శాసించిన దూరం మొదటిసారి తగ్గింది, కానీ ధరలో ఆ తగ్గుదల కనిపించలేదు. పొగగొట్టాల దాపున ఉన్న ఊరికీ వేయి మైళ్ల అవతలి ఊరికీ ఒకే రేటు. వెనుకబడిన ప్రాంతాలకు న్యాయం చేయాలన్న ఉద్దేశాన్ని తోసిపుచ్చలేము. అయినా సున్నపురాయి గనుల ఊళ్లకు తమ నేల ఇచ్చిన వరం దక్కలేదన్నదీ నిజమే.

ధర ప్రభుత్వం నిర్ణయిస్తే వర్తకునికి మిగిలేది వరుస. పర్మిట్ చేతికి వచ్చినవారికే స్టాకిస్టు సరుకు ఇవ్వాలి. ఇల్లు కట్టుకొనేవాడు అంగడికి కాక తహశీలు కచేరీకి మొదట నడిచాడు: అర్జీ, విచారణ, మంజూరు, తరువాత వ్యాగను వచ్చేదాకా ఎదురుచూపు. ‘స్టాకిస్టు’ అన్న పేరులో వ్యంగ్యం ఉంది. అతని దగ్గర తరచుగా స్టాకు ఉండేది కాదు, స్టాకు మీద హక్కు పత్రం ఉండేది. కొరత ఉన్నచోట హక్కు పత్రానికే విలువ వస్తుంది. చాటుమాటు ధర, బస్తాలో బూడిద కల్తీ, ఒకరి పేరిట మంజూరై మరొకరి గోడకు చేరిన సరుకు ఆ విలువకు నీడలు. సిమెంటు కేటాయింపులకూ ట్రస్టు విరాళాలకూ ముడిపెట్టారన్న వివాదంలో మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఏ.ఆర్. అంతులే బొంబాయి హైకోర్టు తీర్పు తరువాత 1982 జనవరిలో రాజీనామా చేశారు. దేశంలో ఒక ముఖ్యమంత్రి పదవి పోయేంత బరువు ఆ బస్తాకు ఉండేది.

మరుసటి నెలలోనే, 1982 ఫిబ్రవరి 28న, పాక్షిక వినియంత్రణ ప్రకటించారు. పాత కర్మాగారాలు ఉత్పత్తిలో 66.6 శాతం, కొత్తవి 50 శాతం లెవీగా ఇచ్చి మిగిలినది బహిరంగ విపణిలో అమ్ముకోవచ్చు. 1989 మార్చి 1న నియంత్రణ పూర్తిగా తొలగింది.

4. లారీ వచ్చాక

కొత్త కర్మాగారాలకు తక్కువ లెవీ అన్న నిబంధన కృష్ణాతీరపు సున్నపురాయికి కలిసివచ్చింది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో వాడపల్లి, మఠంపల్లి, హుజూర్‌నగర్ పరిసరాలు సిమెంటు సీమ అయ్యాయి. ఉత్తరాన దేవాపూర్‌లో ఓరియంట్ సిమెంటు 1982లోనే మొదలైంది. ఓరుగల్లు ఈ రెండు సీమల నడుమ పడింది: ఉత్తరం నుంచి గోదావరి సిమెంటు, దక్షిణం నుంచి కృష్ణా సిమెంటు.

ఉత్తరపు సరుకుకు రైలు అలవాటు, దక్షిణపు సరుకుకు లారీ. ఈ తేడా చిన్నది కాదు. ఒక రైలు రేకు అంటే సుమారు 2500 టన్నులు, 50 కిలోల బస్తాల లెక్కన 50,000. దానిని దింపడానికి వందల హమాలీలు, పెద్ద గోదాములు కావాలి. ఆనాటి మామూలు లారీ మోసేది పది టన్నులు, అంటే 200 బస్తాలు. ఒక మండల కేంద్రపు దుకాణం దానిని నేరుగా దింపుకోగలదు. వ్యాగను వల్ల పుట్టిన టోకు వర్తకుని మొదటి రెండు శక్తులనూ, అంటే నిండు బండికి డబ్బు కట్టడం, దింపించడం అనేవాటిని, లారీ చిల్లర వర్తకునికి పంచిపెట్టింది. నేడు సరుకు కర్మాగారం నుంచి తిన్నగా పరకాలకో నర్సంపేటకో పోతుంది. బిల్లు మాత్రం నగరంలోని డీలరు పేరిట తయారవుతుంది.

గోదాము అక్కర తగ్గడానికి సిమెంటు స్వభావం కూడా కారణం. తేమ తగిలితే అది గడ్డకడుతుంది. మూడు నెలలు దాటిన బస్తాను పరీక్షించకుండా వాడరాదన్నది ఇంజనీర్ల నియమం. బస్తా మీద తయారైన వారం, సంవత్సరం ముద్రించేది అందుకే. పది బస్తాల ఎత్తు మించితే అడుగువి బిగుసుకుపోతాయి. ధాన్యంలాగా ధర పెరిగేదాకా దాచుకొనే వీలు ఇందులో లేదు.

ఇక ధర. నియంత్రణ పోయాక అది వర్తకుని చేతికి రావలసింది, రాలేదు. కంపెనీ బిల్లు మీద ఒక ధర వేస్తుంది. డీలరు పోటీలో దాదాపు అదే ధరకు, కొన్నిసార్లు దానికంటే తక్కువకూ అమ్ముతాడు. అతని లాభం నెలాఖరున క్రెడిట్ నోటుగా వస్తుంది: నగదు రాయితీ, ఎత్తిన టన్నుల మీద రాయితీ, రేటు తేడా. నెల నడుమ అమ్మిన బస్తా మీద తాను ఎంత సంపాదించాడో అతనికే నిశ్చయంగా తెలియదు. పర్మిట్ కాలంలో కచేరీ వైపు చూసినవాడు ఇప్పుడు కంపెనీ ఏరియా అధికారి వైపు చూస్తున్నాడు. కంపెనీల మధ్య ధరల అవగాహన ఉందన్న అభియోగం మీద కాంపిటీషన్ కమిషన్ 2012లో పదకొండు సిమెంటు కంపెనీలకు 6,000 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. అది అప్పీలులో రద్దయ్యాక 2016లో మళ్లీ ఉత్తర్వు ఇచ్చింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఇనుము కథ క్లుప్తంగా ఇంతే. 1956లో మొదలైన రవాణా సమీకరణ 1992లో ముగిసింది. విశాఖ ఉక్కు ఆ రోజుల్లోనే విపణిలోకి వచ్చింది. ఇనుములో మెలిక తూకంలో ఉంది. 8 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 0.395 కిలోలు తూగాలి, 12 మీటర్ల కడ్డీ 4.74 కిలోలు. టోకులో తూకంతో కొని చిల్లరలో కడ్డీల లెక్కన అమ్మినప్పుడు కడ్డీ కాస్త సన్నబడితే ఆ తేడా ఎవరి జేబులోకి పోతుందో వేరే చెప్పనక్కరలేదు. ఇసుక, ఇటుక, కంకర మాత్రం ఈనాటికీ టోకు మడిగెలోకి రాలేదు. బట్టీ నుంచో క్రషరు నుంచో ట్రాక్టరు నేరుగా పునాది దగ్గరికి వస్తుంది. వాటి బరువుకు పెరిక నాటి న్యాయమే ఇంకా వర్తిస్తోంది.

5. ఉద్దెర

సరుకు తన కప్పు కింద లేదు, ధర తన చేతిలో లేదు. మరి టోకు వర్తకుడు ఎందుకు మిగిలాడు? జవాబు ఖాతా పుస్తకంలో ఉంది. కంపెనీకి డీలరు ముందుగా డిపాజిటు కట్టి, సరుకు ఎత్తిన కొద్ది వారాల్లో సొమ్ము చెల్లించాలి. గడువు తప్పితే నగదు రాయితీ పోతుంది, తరువాత సరుకు ఆగుతుంది. పల్లె దుకాణదారుకు అతడు ఇచ్చే ఉద్దెర అంతకంటే పొడుగు. ఆ దుకాణదారు మేస్త్రీ మాట మీద గృహస్థుకు ఇచ్చే ఉద్దెర ఇంకా పొడుగు. జీఎస్టీ (2017) వచ్చాక అతని మీద మరో భారం పడింది: సిమెంటు మీది 28 శాతం పన్నును, వసూలు కాని ఉద్దెర మీద కూడా, నెల తిరిగేసరికి చెల్లించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 శాతమైంది.

ఈ గొలుసు చివరి కొస ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో ఉంది. ఓరుగల్లు పల్లెల్లో ఇల్లు పత్తి, మిర్చి డబ్బుతో లేస్తుంది. పునాది పంట మీది ఆశతో తీస్తారు, స్లాబు పంట అమ్మాక వేస్తారు. పత్తి ధర పడిపోయిన ఏడు గోడలు లింటెల్ దగ్గర ఆగుతాయి, ఆ గోడల్లోని సిమెంటు బాకీ ఆవర్జాలో అలాగే ఉంటుంది. కంపెనీ బాకీ తేదీ క్యాలెండరును బట్టి వస్తుంది, పల్లె బాకీ తేదీ వానను బట్టి వస్తుంది. ఈ రెండు తేదీల మధ్య ఎన్ని రోజులు తన సొంత డబ్బుతో నిలవగలడన్నదే ఓరుగల్లు టోకు వర్తకుని పెట్టుబడి. మంచి పంట వచ్చిన ఏడు సంక్రాంతి తరువాత పాత బాకీలు తీరుతాయి, కొత్త స్లాబులకు లారీలు బయలుదేరుతాయి.