స్టెప్నీ కథ: జీపు వీపు మీద నుంచి తలుపు మీదకు

మన సంచికలో ప్రతి సంవత్సరం యుద్ధాల గురించి, వీరుల గురించి మంచి వ్యాసాలు వస్తున్నాయి. నేను ఇంటర్మీడియట్ చదివి, ఈఎంఈలో వెహికల్ మెకానిక్‌గా చేరి, సుబేదారుగా రిటైరైనవాడిని. నాకు తెలిసింది బండ్లు. అందుకని ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక వస్తువు చరిత్ర రాస్తున్నాను. అదే బండి వెనక తలుపుకి బిగించే స్టెప్నీ.

ఈ ఆలోచన నాకు వీరాంపట్టినంలో వచ్చింది. పుదుచ్చేరికి దక్షిణాన, అరియాంకుప్పం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న జాలరుల ఊరది. అక్కడి శెంగళునీర్ అమ్మవారి రథోత్సవం తమిళుల ఆడి మాసంలో జరుగుతుంది. ఫ్రెంచివారి కాలంలో గవర్నరు గారే వచ్చి రథం తాడు పట్టేవారు. ఆ ఆనవాయితీ స్వతంత్రం వచ్చాక కూడా పోలేదు. మా యానాం నుంచి వచ్చి పుదుచ్చేరిలో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడు తన పాత జిప్సీలో నన్ను ఆ ఉత్సవానికి తీసుకెళ్ళాడు. దిగాక వెనక తలుపు వెయ్యబోతే పడదు.

"మావయ్యా, కొంచెం పైకెత్తి తొయ్యాలి. ఈమధ్య ఇంతే" అన్నాడు.

చూద్దును గదా, కంపెనీ చక్రం తీసేసి పెద్ద సైజు వెడల్పు టైరు కొనుక్కున్నాడు. దాన్ని పాత బ్రాకెట్‌కే బిగించారు. పై మడతబందు దగ్గర రేకు చిట్లింది. ఉప్పుగాలికి ఆ చిట్లిన చోట తుప్పు కూడా పట్టింది.

అసలు స్టెప్నీ అనే మాట ఎక్కడిదో చెప్తాను. తొలి రోజుల్లో మోటారు కార్లకి అదనపు చక్రం ఉండేది కాదు. పంక్చరైతే దారిలోనే కూర్చుని టైరు ఊడదీసి అతుకు వెయ్యాల్సిందే. 1904లో వేల్స్ దేశంలోని లనెల్లి పట్టణంలో డేవిస్ సోదరులు ఒక ఉపాయం కనిపెట్టారు. ఆకులు లేని రిమ్ముకి టైరు ఎక్కించి, గాలి కొట్టి సిద్ధంగా ఉంచేవారు. పంక్చరైన చక్రానికి దాన్ని పక్కన బిగించుకుని వెళ్ళిపోవడమే. వాళ్ళ దుకాణం ఉన్నది స్టెప్నీ వీధిలో. ఆ వీధి పేరే సరుకుకి పేరయ్యింది. పుట్టిన దేశంలో ఆ మాట దాదాపు మరుగున పడింది గాని, మన లారీ డ్రైవర్ల నోట ఇంకా బతికే ఉంది.

తరువాత పూర్తి చక్రాన్నే అదనంగా మోయడం మొదలైంది. దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే అప్పటి నుంచి సమస్య. ఇక్కడ వీరాంపట్టినం సంగతి ఇంకొకటి చెప్పాలి. ఆ ఊరి పక్కనే ఉన్న అరికమేడులో రోమన్లతో వర్తకం జరిగిన రేవును 1945లో తవ్వించిన మార్టిమర్ వీలర్ గారు కూడా సైనికుడే. ఉత్తర ఆఫ్రికా ఎడారి యుద్ధంలో పని చేసి బ్రిగేడియర్ అయినవారు. ఆ ఎడారిలో బాగా పేరు తెచ్చుకున్న బండ్లలో జీపు ఒకటి.

1941 చివర్లో తయారీ మొదలైన విల్లీస్ జీపుకి వెనక తలుపే లేదు, మూసేసిన రేకు మాత్రమే ఉంది. ఆ రేకుకి కుడివైపు స్టెప్నీ బిగించారు. ఎడమవైపు పెట్రోలు డబ్బాకి చోటిచ్చారు. సిపాయిలు పక్కల నుంచే ఎక్కి దిగుతారు కాబట్టి వెనక చక్రం ఎవరికీ అడ్డం కాదు. యుద్ధం అయిపోయాక 1945లో అదే కంపెనీ రైతుల కోసం సీజే-2ఏ జీపు తెచ్చింది. రైతుకి సామాను వేసుకోవాలి గదా, వెనక కిందికి దిగే తలుపు పెట్టారు. అప్పుడు స్టెప్నీ అడ్డమయ్యింది. దాన్ని తీసి బండి పక్కకి తగిలించారు. మన దేశంలో మహీంద్రావారు చేసిన జీపులు చాలావాటికి స్టెప్నీ పక్కనే ఉండేది. తాసీల్దారు జీపు, పోలీసు జీపు చూసిన పెద్దలకి అది గుర్తుండే ఉంటుంది.

పక్కన పెడితే ఇరుకు దారిలో రాళ్ళకి రాసుకుంటుంది. లోపల పెడితే మనుషుల చోటు తినేస్తుంది. కింద పెడితే బురదలోనో ఇసుకలోనో దిగబడినప్పుడు బయటికి లాగలేము. 1948లో వచ్చిన లాండ్ రోవర్లలో కొన్నింటికి బానెట్ మీదే పెట్టారు. చివరికి బాగా కుదిరిన పద్ధతి ఏమిటంటే, తలుపుని బీరువా తలుపులాగ పక్కకి తెరుచుకునేటట్టు చేసి చక్రాన్ని తలుపుకే బిగించడం. తలుపుతో పాటు చక్రమూ పక్కకి తప్పుకుంటుందన్నమాట.

మన సైన్యంలో జబల్పూరులో తయారైన జోంగాల తరువాత ఎక్కువగా కనిపించింది మారుతి జిప్సీ. అది మార్కెట్లోకి వచ్చింది 1985లో, 1990లలో యూనిట్లకి అందింది. దాని వెనక తలుపుకే స్టెప్నీ. 1994లో వచ్చిన టాటా సుమోకి, 1998లో వచ్చిన సఫారీకి కూడా అంతే. మన తెలుగు సినిమాల్లో సుమోలు ఎన్ని గాల్లోకి లేచాయో లెక్క లేదు! 2020 నాటి థార్‌కీ, 2023లో మన దేశంలోకి వచ్చిన జిమ్నీకీ ఇదే పద్ధతి.

అయితే ఈ పద్ధతికి ఒక ఖర్చుంది. చక్రం బరువు 20 కిలోలు, మడతబందుల నుంచి చక్రం మధ్యకి అడుగున్నర, రెండు మడతబందుల మధ్య ఒక అడుగు అనుకుందాం. తలుపు తెరిచి ఉంచితే చక్రం ఒక్కదాని వల్లే పై మడతబందు మీద 30 కిలోల లాగుడు పడుతుంది. చక్రం 35 కిలోలదైతే అది 50 దాటుతుంది. ఇది బండి నిలబడి ఉన్నప్పటి లెక్క. తలుపు మూసి ఉన్నప్పుడు గొళ్ళెం, రబ్బరు దిమ్మలు కొంత మోస్తాయి గాని, గుంతల రోడ్డులో ప్రతి కుదుపుకీ ఆ బరువు విసురుగా లాగుతుంది. ముందు రబ్బరు అరుగుతుంది, తలుపు దడదడలాడుతుంది, ఆ తరువాత రేకు చిట్లుతుంది. అందుకే పెద్ద టైరు కావాలనుకున్నవాళ్ళు దాన్ని తలుపుకి కాకుండా, ఛాసిస్ ఆధారంగా విడిగా తిరిగే ఇనప చట్రానికి బిగించుకోవాలి.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. సికింద్రాబాదు ట్రైనింగులో మా ఉస్తాద్ ఒకాయన, "ముందు స్టెప్నీ గాలి చూడరా. మిగతా నాలుగు చక్రాలూ నడిచేటప్పుడు వాటి సంగతి అవే చెప్తాయి, ఇది చెప్పదు" అనేవారు. 2001 చలికాలంలో నేను జమ్మూ కాశ్మీరు కొండల్లో హవల్దారుగా ఉన్నాను. కడుపు నొప్పితో మెలికలు తిరుగుతున్న ఒక జవానుని రాత్రిపూట జిప్సీలో ఆసుపత్రికి పంపాము. దారిలో ముందు చక్రం పంక్చరైంది. డ్రైవరు స్టెప్నీ దించి చూస్తే అందులోనూ గాలి లేదు. అంతకుముందు పంక్చరైన చక్రాన్నే ఎవరో అతుకు వేయించకుండా తలుపుకి తగిలించేశారు. ఆ ఉదయం ఇన్‌స్పెక్షన్ కాగితం మీద సంతకం పెట్టింది నేనే. నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూశాను, గాలి చూడలేదు. రెండో బండి వెళ్ళేసరికి రెండు గంటలు పట్టింది. ఆపరేషన్ చేసి ఆ కుర్రాడిని బతికించారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు గారు అన్నారు. ఆ రెండు గంటలు నాకు ఇప్పటికీ గుర్తే.

వీరాంపట్టినంలో ఆ రోజు మా వాడికి ఈ సంగతి చెప్పాను. వాడు ఏమీ మాట్లాడలేదు. మర్నాడే పెద్ద చక్రం దించేసి, చిట్లిన చోట రేకు వేయించి వెల్డింగ్ చేయించాడు. కంపెనీ సైజు చక్రం బిగించాడు. నేను దగ్గరుండి ఎదురెదురు నట్లు బిగింపించి, గేజీ పెట్టి గాలి చూపించాను.

సోదరులారా, మనలో చాలామందికి ఇప్పుడు ఇళ్ళ ముందు కార్లున్నాయి. నెలకొకసారైనా స్టెప్నీలో గాలి చూడండి. రోజూ కళ్ళ ముందే ఉంటుంది కదా అని నమ్మి, చూడటం మానేయవద్దు. నేను అలాగే మానేశాను.

జై హింద్.